రేపటి ధర మీద పందెం

నిజామాబాద్ వైపు ఓ రైతు జూన్‌లో పసుపు వేశాడు. పంట చేతికొచ్చేసరికి ఫిబ్రవరి. అప్పటికి ధర ఎంత పలుకుతుందో దేవుడికే తెలియాలి! పసుపు కొని, పొడి కొట్టించి అమ్మే వ్యాపారికీ అదే బెంగ. కాకపోతే ఈయనకి ధర పడిపోతుందేమోనని, ఆయనకి పెరిగిపోతుందేమోనని. ఇద్దరూ ఇవాళే ఓ రేటు ఖాయం చేసుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఫ్యూచర్స్‌కి మూలం అదే. జపాన్‌లోని ఒసాకాలో బియ్యం ఎక్స్ఛేంజికి 1730లోనే ప్రభుత్వ గుర్తింపు దక్కింది. మన దగ్గర షేర్ల సూచీల మీద ఫ్యూచర్స్ 2000 జూన్‌లో వచ్చాయి. ఆ మరుసటి ఏడాది ఆప్షన్స్.

ఆప్షన్ అంటే ఇంచుమించు బయానా లాంటిది. 20 లక్షల ఇంటికి 50 వేలు బయానా ఇచ్చారనుకోండి. గడువులోగా ధర 25 లక్షలైతే పాత రేటుకే కొనుక్కోవచ్చు. పడిపోతే బయానా వదిలేసుకుని ఊరుకోవచ్చు. షేర్ మార్కెట్లో ఆ బయానాయే ప్రీమియం. కొనే హక్కు కాల్, అమ్మే హక్కు పుట్.

మరి తిరకాసు ఎక్కడ? పసుపు పండించనివాళ్లూ, పొడి కొట్టించనివాళ్లూ కూడా ఇక్కడ పందెం కాయొచ్చు. లక్ష రూపాయల మార్జిన్‌తో ఏడు లక్షల కాంట్రాక్టు కొన్నవాడికి ధర అయిదు శాతం తగ్గితే పోయేది 35 వేలు... చేతి డబ్బులో మూడోవంతుకు పైనే! ఏ రోజు నష్టం ఆ రోజే లెక్క తేలుస్తారు. సర్దలేకపోతే బ్రోకరే అమ్మేస్తాడు. ఆప్షన్ కొన్నవాడికి ప్రీమియం మించి పోదు కానీ, గడువు దగ్గరపడేకొద్దీ అది ఎండలో పెట్టిన ఐసుగడ్డే.

దీనికి మనసు తోడవుతుంది. వెయ్యి వచ్చిన సంతోషం కన్నా వెయ్యి పోయిన బాధ దాదాపు రెట్టింపు ఉంటుందని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందుకే లాభం కాస్త కనపడగానే అమ్మేస్తాం. నష్టమొస్తే మాత్రం ‘కొన్న రేటొస్తే చాలు, బయటపడతా’నంటూ పట్టుకు వేలాడతాం. సింగపూర్‌లో నిక్ లీసన్ చేసిందీ అదే. జపాన్ సూచీ మీద నష్టాలను 88888 అనే ఖాతాలో దాచాడు. 1995 జనవరిలో కోబె భూకంపం వచ్చి మార్కెట్ కూలుతుంటే, ఆగకుండా ఇంకా ఇంకా కొన్నాడు. నష్టం 82.7 కోట్ల పౌండ్లు! 233 ఏళ్ల బేరింగ్స్ బ్యాంకు ఒక్క పౌండుకి అమ్ముడుపోయింది.

అంత పెద్ద బ్యాంకు సంగతే అదైతే ఇంటి ఖర్చులోంచి మిగిల్చి ఫోన్లో ట్రేడింగ్ చేసేవాళ్ల మాటేంటి? సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు. పోగొట్టుకున్నది మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. వరసగా రెండేళ్లు నష్టపోయినవారిలోనూ నూటికి 75 మందికి పైగా మళ్లీ అదే ఆటకు కూర్చున్నారు!

ఆ డబ్బంతా ఎటు పోయినట్టు? 2023-24లో సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు సుమారు 33 వేల కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు 28 వేల కోట్లు స్థూల లాభం పొందాయి. అందులో 96 శాతానికి పైగా సంపాదించి పెట్టింది అల్గో ట్రేడింగే... అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు. వాటికి బెంగా లేదు, ఆశా లేదు.