పరిశోధన మనది, తాళం ఎవరిది?

ప్రతి ఏప్రిల్ 14న మన హాస్టల్‌లో మహద్ చెరువు కథ చెప్పుకుంటాం. 1923లో బొంబాయి శాసనమండలి ఒక తీర్మానం చేసింది. ప్రజల డబ్బుతో కట్టిన చెరువులు, బావులు, బడులు, దవాఖానాలు అంటరానివారికి కూడా తెరిచి ఉండాలన్నది దాని సారాంశం. తీర్మానం కాగితం మీదనే ఉండిపోయింది. 1927 మార్చి 20న డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందిని వెంటబెట్టుకొని వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగితే గానీ ఆ మాటకు ప్రాణం రాలేదు.

ప్రజల సొమ్ముతో కట్టిన చెరువు ప్రజలందరిదైతే, ప్రజల సొమ్ముతో పుట్టిన చదువు ఎవరిది? యూనివర్సిటీలలో, ప్రభుత్వ పరిశోధన సంస్థలలో జరిగే పరిశోధన చాలా వరకు ప్రజాధనంతోనే జరుగుతుంది. కానీ దాని ఫలితాన్ని చదవాలంటే తాళం అడ్డం వస్తుంది. ఆ తాళం ఏమిటి, దాన్ని తీయడానికి వచ్చిన 'ఓపెన్ యాక్సెస్' అనే పద్ధతి ఏమిటి, అందులో మన పిల్లలు జాగ్రత్త పడవలసింది ఎక్కడ అనే విషయాలను, ఈ హాస్టల్‌లో చదివి యూనివర్సిటీల దాకా వెళ్ళిన పూర్వ విద్యార్థులుగా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వివరించాలనుకుంటున్నాం.

జర్నల్ ఎలా నడుస్తుంది?

పరిశోధకుడు తాను కనుగొన్న విషయాన్ని ఒక వ్యాసంగా రాసి జర్నల్‌కు పంపుతాడు. దీన్నే పేపర్ అంటారు. ఎడిటర్ దాన్ని అదే విషయంలో నిపుణులైన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వాళ్ళు తప్పొప్పులు చూసి, మార్పులు సూచించి, అచ్చుకు తగునో కాదో చెబుతారు. దీన్ని పీర్ రివ్యూ అంటారు. రాసినవాడికి సాధారణంగా జర్నల్ పైసా ఇవ్వదు. రివ్యూ చేసినవారిదీ ఎక్కువగా ఉచిత సేవే. పేపర్ అచ్చయ్యాక మాత్రం దాన్ని చదవడానికి లైబ్రరీలు చందా కట్టాలి. రాసిన మనిషి పనిచేసే యూనివర్సిటీ కూడా తన మనిషి రాసిన పేపర్‌ను చదవడానికి చందా కట్టవలసిందే. చందా కట్టలేని కాలేజీ విద్యార్థికి ఇంటర్నెట్‌లో కనపడేది పది లైన్ల సారాంశం, దాని కింద డాలర్లలో ధర.

మన పాలమూరు లెక్కలు

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట అనుకోవద్దు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన చేస్తుంది. మెట్ట రైతు ఎట్లా బతుకుతున్నాడో తెలుసుకోకుండా విత్తనం ఒక్కటి ఇస్తే లాభం లేదని ఆ సంస్థ 1975లో పల్లెల అధ్యయనం మొదలుపెట్టింది. అందుకు ముందుగా ఎంచుకున్న ఆరు ఊళ్ళలో రెండు అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లావే. ఒకటి ఆ సంస్థ పుస్తకాలలో ఔరేపల్లి అని రాసే ఊరు, రెండవది డోకూరు. మిగిలిన నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి.

ఒక్కో ఊళ్ళో 40 కుటుంబాలను తీసుకున్నారు. అందులో 30 సేద్యం చేసేవి, 10 కూలి మీద బతికేవి. సర్వే చేసేవాళ్ళు ఊళ్ళోనే కాపురముండి, ఏ ఇంట్లో ఎంత పండింది, ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలి దొరికింది, ఏం తిన్నారు అని సంవత్సరాల తరబడి రాసుకున్నారు. పల్లె ఆర్థిక పరిస్థితి మీద ఇంత వివరమైన లెక్కలు అరుదు కాబట్టి ప్రపంచంలోని ఎందరో ఆర్థికవేత్తలు వీటిని వాడుకున్నారు.

వాటిలో పేరు మోసినది 1994లో 'ఎకనామెట్రికా' అనే జర్నల్‌లో రాబర్ట్ టౌన్‌సెండ్ రాసిన పేపర్. ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ళ లెక్కలు తీసుకొని ఆయన ఒక ప్రశ్న వేశాడు. ఒక ఇంటికి ఆ ఏడు పంట పోయినా, ఇంటి పెద్ద మంచాన పడినా ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతుంది? పూర్తిగా కాకపోయినా చాలా వరకు ఊరు ఆదుకుంటుందనీ, ఒక ఇంటి ఖర్చు ఆ ఇంటి ఆదాయం కన్నా ఊరి మొత్తం ఖర్చుతో కలిసి పెరిగి తగ్గుతుందనీ ఆయన తేల్చాడు. అయితే మూడు ఊళ్ళలో ఒకచోట మాత్రం భూమి లేనివారికి ఈ ఆసరా మిగతావారికన్నా తక్కువగా ఉన్నట్టు కనపడిందని కూడా రాశాడు. చేబదుళ్ళు, చుట్టరికాలు, కూలి అడ్వాన్సులు ఎరిగిన మనకు ఇది చదివితే ఎన్నో ఆలోచనలు వస్తాయి. అవునంటాం, కాదంటాం, మా వాడకట్టు లెక్క కూడా చూడండి అంటాం. కానీ ఆ రోజుల్లో ఆ జర్నల్ చందా కట్టిన పెద్ద లైబ్రరీలకే వచ్చేది. లెక్క చెప్పింది పాలమూరు రైతు, కూలీ. ఆ లెక్క మీద వచ్చిన విజ్ఞానం పాలమూరు డిగ్రీ కాలేజీకి చేరలేదు. మన బతుకు మీద మాట్లాడే హక్కు మనకు ఉండాలంటే, ముందు మన మీద ఏం రాశారో చదవగలగాలి. అసలు సంగతి అదే.

తాళం తీసిన చేతులు

2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ నుంచి కొందరు మేధావులు ఒక ప్రకటన విడుదల చేశారు. పరిశోధన పత్రాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవడానికి, దాచుకోవడానికి, పంచుకోవడానికి వీలుండాలని అందులో కోరారు. ఓపెన్ యాక్సెస్ అన్న మాట అక్కడి నుంచే వ్యాపించింది.

దీనికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది, పేపర్ ఏ జర్నల్‌లో వచ్చినా రివ్యూ పూర్తయిన రాతప్రతిని తన సంస్థ ఇంటర్నెట్ భండారంలో పెట్టడం. చాలా జర్నళ్ళు దీనికి ఒప్పుకుంటాయి, కొన్ని ఆరు నెలలో ఏడాదో ఆగమంటాయి. ఇందులో రచయితకు ఖర్చు లేదు. రెండవది, జర్నలే అందరికీ ఉచితంగా తెరిచి ఉండడం. అలాంటి జర్నళ్ళలో కొన్నింటిని సంస్థలే తమ ఖర్చుతో నడుపుతాయి, కొన్ని రచయిత దగ్గర ఫీజు తీసుకుంటాయి.

మొదటి దారిలో మన దగ్గర ముందు నడిచినవారిలో ఇక్రిశాట్ ఉంది. తమ శాస్త్రవేత్తల పేపర్లు అందరికీ అందుబాటులో పెట్టాలని 2009లోనే నియమం చేసుకుంది. పల్లెల అధ్యయనం లెక్కలను కూడా ఇంటర్నెట్‌లో అందుబాటులోకి తెచ్చింది. అదే 2009లో యూజీసీ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో కూడా సమర్పించాలని నిబంధన పెట్టింది. అలా సమర్పించినవి ఎన్నో 'శోధ్‌గంగ'లో ఉంటాయి. వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌ల కోసం 'కృషికోశ్' ఉంది. మన బిజినేపల్లి మండలంలోని పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం గేటు ముందు నుంచి ఎన్నోసార్లు పోయి ఉంటారు. అక్కడ రూపుదిద్దుకున్న క్రాంతి, హరిత ఆముదం రకాల పేర్లు ఇంట్లో విని ఉంటారు. అలాంటి పంటల మీద విద్యార్థులు రాసిన థీసిస్‌లు చదవాలంటే హైదరాబాదు బస్సు ఎక్కనక్కరలేదు.

ఇంకో మాట. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి మీద 1925లో రాసిన పేపర్ 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో వచ్చింది. ఆ జర్నల్ 2021 నుంచి పూర్తిగా ఓపెన్ యాక్సెస్ అయ్యింది. ఇంటర్ బైపీసీ పిల్లవాడు కూడా దాన్ని సెల్‌ఫోన్‌లో తెరిచి చూడవచ్చు.

ఉచితం వెనుక ఖర్చు

చదివేవాడికి ఉచితమంటే ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకోవాలి కదా. పెద్ద పేరున్న 'నేచర్' జర్నల్ 2021 నుంచి ఓపెన్ యాక్సెస్ కావాలనుకునే రచయితకు పెట్టిన ఫీజు 9,500 యూరోలు. అప్పటి మారకం ప్రకారం ఎనిమిది లక్షల రూపాయలకు పైమాటే. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. అంటే దాదాపు రెండేళ్ళ ఫెలోషిప్ ఒక్క పేపర్‌కు! చదివే గేటు తీసి రాసే గేటుకు తాళం వేస్తే పేదవాడికి ఒరిగిందేమిటి? అందుకే ఫీజు లేని దారులు మనకు ముఖ్యం.

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్లతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్ళను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించే పథకం ఇది. 2025 జనవరి 1న మొదలైంది. మేలే జరిగింది. అయితే ఇది దేశం మొత్తానికి ఒకే చందా కట్టడం తప్ప తాళం తీయడం కాదు. చదువు ముగించి ఊరికి వచ్చినవాళ్ళకు, ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోదు.

నకిలీ జర్నళ్ళతో జాగ్రత్త

రచయిత దగ్గర ఫీజు తీసుకునే పద్ధతి వచ్చాక, రివ్యూ లేకుండా డబ్బు తీసుకొని అచ్చేసే దుకాణాలు పుట్టుకొచ్చాయి. ఈ విషయంలో మన హైదరాబాదు పేరు కూడా వినపడింది. హైదరాబాదుకు చెందిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. రివ్యూ విషయంలో, ఫీజుల విషయంలో పరిశోధకులను తప్పుదోవ పట్టించారన్నది ఆరోపణ. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

మాలో పీహెచ్‌డీకి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ 'మీ పేపర్ మూడు రోజులలో అచ్చు' అనే ఈమెయిళ్ళు వచ్చాయి. మొదటి తరం చదువుకు ఇది పెద్ద గండం. ఇంట్లో అడిగి తెలుసుకోవడానికి ప్రొఫెసర్లు ఉండరు. ఫెలోషిప్ డబ్బు పోతుంది, రేపు ఇంటర్వ్యూలో ఆ పేపర్ లెక్కకు రాదు, పైగా పేరు చెడుతుంది. యూజీసీ 2022 నిబంధనలలో పీహెచ్‌డీ సమర్పణకు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేసింది. కాబట్టి తొందర పడవలసిన పని లేదు. మంచి జర్నళ్ళ కోసం పెట్టిన యూజీసీ-కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో నిలిపివేశారు. ఇక మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి

1. చదవాలనుకున్న పేపర్‌కు తాళం కనపడితే, దాని పేరుతో గూగుల్ స్కాలర్‌లో వెతకండి. ఉచిత ప్రతి వేరేచోట ఉండవచ్చు.
2. లేకపోతే రచయితకే రెండు లైన్ల ఈమెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపుతారు. అడగడంలో నామోషీ లేదు.
3. పేపర్ పంపే ముందు ఆ జర్నల్ పాత సంచికలు చదవండి. ఎడిటర్లుగా వేసినవారు నిజంగా ఉన్నారో లేదో వారి యూనివర్సిటీ పేజీలో చూడండి.
4. 2003లో మొదలైన డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళ పట్టికలో ఆ పేరుందేమో చూడండి. అందులోని జర్నళ్ళలో సగానికి పైగా రచయిత దగ్గర ఫీజు తీసుకోవు.
5. ఫీజు ఎంతో ముందే చెప్పనివారికి, రోజులలో అచ్చు వేస్తామనేవారికి దండం పెట్టి దూరంగా ఉండండి.
6. మీ పేపర్ అచ్చయ్యాక, జర్నల్ అనుమతించే ప్రతిని మీ సంస్థ భండారంలో పెట్టండి.

చివరగా పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మనలో ఎవరైనా మన ఊళ్ళ మీద, మన కులాల బతుకుల మీద, వలసల మీద పరిశోధన చేస్తే, దాని సారాంశం నాలుగు పేజీల తెలుగులో రాసి ఒక ప్రతి ఆ ఊరి బడికి, ఒకటి ఈ హాస్టల్ లైబ్రరీకి పంపండి. ఇంగ్లీషులో తెరిచి పెట్టినంత మాత్రాన మన అమ్మానాన్నలకు అది తెరుచుకున్నట్టు కాదు. లెక్క చెప్పినవారికి లెక్క అప్పజెప్పడం కూడా పరిశోధనలో భాగమే.