జర్మనీ చదువు: మొదటి నెల లెక్క, పెట్టె లెక్క

జర్మనీ విద్యార్థి వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాల్సింది 11,904 యూరోలు. 2024 సెప్టెంబరు నుంచి ఇదే లెక్క. యూరో వంద రూపాయలనుకుంటే దాదాపు 12 లక్షలు. ఇంత కట్టాక ఏడాది దాకా బెంగ లేదనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ ఆ ఖాతా నెలకు 992 యూరోలే వదులుతుంది. ఇబ్బందంతా మొదటి నెలలోనే.

అక్కడ అద్దెను రెండు రకాలుగా చెబుతారు. ఉత్త గదికి కాల్ట్‌మీటె; హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపితే వార్మ్‌మీటె. ప్రకటనలో చిన్న అంకె చూసి సంబరపడకూడదు, చేతి నుంచి పోయేది రెండోదే. ఉదాహరణకు కాల్ట్‌మీటె 350, వార్మ్‌మీటె 430 అనుకుందాం. అడ్వాన్సు చట్టప్రకారం కాల్ట్‌మీటెకు మూడు రెట్లు దాటకూడదు, అంటే 1,050. దానికి మొదటి నెల అద్దె 430, ఆరోగ్య బీమా సుమారు 140 కలపండి. మొత్తం 1,620. ఖాతా ఇచ్చేది 992. తిండి ఊసే ఎత్తకుండా 628 యూరోలు తక్కువ!

ఇక్కడే చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. అడ్వాన్సును మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టవచ్చని అదే చట్టం చెబుతుంది. అప్పుడు మొదటి నెల ఖర్చు 920కి దిగుతుంది. మిగిలేది 72 యూరోలే అయినా అప్పు తప్పుతుంది. ఇంటి యజమానిని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.

ఆ 992 కూడా దిగిన రోజే చేతికి రాదు. ఇల్లు దొరకాలి, చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి, జర్మన్ బ్యాంకు ఖాతా తెరవాలి. నమోదుకు యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అందుకే ‘గది ఇస్తాను, నమోదు మాత్రం కుదరదు’ అన్నచోట, అద్దె ఎంత చౌకైనా చేరవద్దని నా గట్టి మాట. ఒక్క కాగితం ఆగితే మిగతావన్నీ ఆగుతాయి.

చవకైనవి స్టూడియరెండెన్‌వెర్క్ సంస్థల హాస్టళ్లు. దేశమంతటా ఇలాంటి సంస్థలు 57 ఉన్నాయి. కానీ విద్యార్థుల్లో సుమారు పదిమందిలో ఒక్కరికే అక్కడ చోటు. వీసా వచ్చాక చూద్దామని కూర్చోకుండా, అడ్మిషన్ లేఖ అందిన రోజే పేరు రాయించుకోవాలి. ఇక ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అనేవాడు మోసగాడే. గది చూడకుండా, ఒప్పందం చేతిలో లేకుండా రూపాయి కూడా పంపకండి.

నలుగురు కలిసి ఫ్లాటు తీసుకుంటే ఇంకో మేలుంది. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు, అది మనిషికి కాదు, ఇంటికి. పంచుకుంటే తలకు 4.59.

ఇక పెట్టె. ఆవకాయ, గోంగూర, కంది పొడి నిశ్చింతగా సర్దండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన డబ్బా కస్టమ్స్ బుట్టలో పడితే పిల్లల ప్రాణం ఎంత ఉసూరుమంటుంది! పచ్చి కరివేపాకుకూ ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ఎండబెట్టి పొడి చేసి ఇవ్వండి. కుక్కరు అడుగు స్టీలుదై ఉండాలి, ఇండక్షన్ పొయ్యి మీద ఉత్త అల్యూమినియం వేడెక్కదు. కరెంటు ఇక్కడిలాగే 230 వోల్టులు. సన్న రెండు పిన్నుల ఛార్జర్లు పడతాయి, గుండ్రటి మూడు పిన్నులకు అడాప్టర్ కావాలి. దుప్పట్లు, దిండ్లు మోయొద్దు. అక్కడి దిండు 80 సెంటీమీటర్ల చతురస్రం, మన గలీబులు సరిపోవు.

మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనని ధ్రువీకరించేది), డిగ్రీ అసలు పత్రాలు చేతి సంచిలోనే. పవర్ బ్యాంకు కూడా అందులోనే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. రెండో పెట్టె కొనేముందు, బ్లాక్డ్ అకౌంట్‌తో సంబంధం లేకుండా 1,500 యూరోలు ఫారెక్స్ కార్డులో వేసి పంపండి.