సంచిలోని ట్యాబు – అయస్కాంత ప్రభావము

గోల్నాక, తార్నాకల నుండి విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు వచ్చు విద్యార్థుల సంచులలో నేడు పుస్తకముల సరసన ట్యాబు కూడ చేరినది. మడత అట్ట, కీబోర్డు, ఇయర్‌ఫోన్ల డబ్బా దానికి తోడు. ఇన్నింటిని ఒకచోట కుక్కినపుడు తెర హఠాత్తుగా ఆరుట, తనంతట తానే వెలుగుట, దిక్సూచి తప్పుదిశను చూపుట కద్దు. యంత్రము చెడినదని తలచి, తండ్రి కష్టార్జితమును మరమ్మతునకు వెచ్చించుటకు ముందు మనము కారణమును విచారింపవలెను.

అట్ట మూయగనే తెర ఆరుటకై అట్టలో చిన్న అయస్కాంతమును, ట్యాబులో దానిని పసిగట్టు సాధనమును అమర్చెదరు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనిన ప్రభావమే సాధారణముగా ఇందుకు ఆధారము. ఆ సాధనము అయస్కాంతమును గుర్తించునే గాని, అది అట్టలోనిదో, ఇయర్‌ఫోన్ల డబ్బాలోనిదో ఎరుగదు.

దిక్సూచి సంగతియు నిట్టిదే. భూమి అయస్కాంత క్షేత్రము మిక్కిలి బలహీనము. చెంతనున్న చిన్న అయస్కాంతము సైతము దానిని మరుగుపరచును. 1961లో స్థాపితమై, మన తార్నాక చేరువనే యున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అధ్యయన విషయములలో ఈ భూ అయస్కాంతత్వ మొకటి. అట్టి సున్నితమైన కొలతలు తీయుచోట ఇనుమును దూరముగా నుంచుదురు.

పరీక్షావిధానము సులభము. ఉపకరణములన్నింటిని తొలగించి, ట్యాబును ఒంటరిగా నడిపి చూడవలెను. సరిగా నడచినచో ఒక్కొక్కదానినే తిరిగి చేర్చవలెను. ఏది చేరినపుడు దోషము మరల కనబడునో అదియే కారణము. దూరము పెరిగినకొలది అయస్కాంత బలము శీఘ్రముగా తగ్గును గనుక, దానిని సంచిలో వేరొక అరకు మార్చిన చాలును. ఒంటరిగా నున్నను దోషము పోనిచో, అప్పుడే మరమ్మతుదారుని ఆశ్రయింపవలెను. బ్యాటరీ ఉబ్బినచో మాత్రము వెంటనే వాడుక మానవలెను.

ప్రయోగశాలలో నేర్చిన క్రమపరీక్ష నిత్యజీవితమున అక్కరకు వచ్చిననాడే మన విజ్ఞానశాస్త్ర పఠనము సార్థకము.