ఓటు వేసే చోటును ఎవరు నిర్ణయిస్తారు?

ఎన్నికల తేదీలు వెలువడగానే మన ఇండ్లలో అభ్యర్థుల గురించి, పార్టీల గురించి చర్చ మొదలవుతుంది. ఓటు ఎవరికి వేయాలన్న విషయంపై గంటల తరబడి మాట్లాడుకునే మనం, ఆ ఓటు ఎక్కడ వేయాలన్న సంగతిని పోలింగు రోజు ఉదయం వరకు తలచుకోము. పోయినసారి వేసిన బడిలోనే ఈసారీ వేస్తామన్న ధీమా మనది. తీరా అక్కడికి వెళ్ళిన తరువాత "మీ పేరు ఇక్కడ లేదమ్మా, రోడ్డు అవతలి కాలేజీలో ఉంది" అన్న మాట వినవలసి వస్తే, మగవారు మోటారు సైకిలు మీద అటు వెళ్ళగలరు. చంకలో పసిబిడ్డతో, నడవలేని అత్తగారిని చేయి పట్టి నడిపించుకుంటూ వచ్చిన కోడలు మాత్రం ఇంటిదారి పడుతుంది. ఆ ఇంట రెండు ఓట్లు పోయినట్లే. ఎవరూ వారి పేర్లు తొలగించలేదు, ఎవరూ వారిని అడ్డగించలేదు. జాబితాలో పేర్లు భద్రంగానే ఉన్నాయి. మారినది చోటు మాత్రమే.

ఈ చోటును నిర్ణయించేది ఎవరు? చాలామంది స్థానిక నాయకులని అనుకుంటారు, కొందరు పోలీసు శాఖ అనుకుంటారు. రెండూ సరికాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 25వ సెక్షను ఈ బాధ్యతను జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించింది. జిల్లాలలో కలెక్టరే ఈ అధికారి. హైదరాబాదులో మాత్రం మహానగర పాలక సంస్థ కమిషనరుకు ఈ బాధ్యత ఇవ్వడం ఆనవాయితీగా వచ్చింది. అయితే ఈ అధికారి తన ఇష్టానుసారం కేంద్రాలను ఏర్పాటు చేయడానికి వీలు లేదు. భారత ఎన్నికల సంఘం ముందస్తు ఆమోదం పొందాలి. ఏ వీధుల వారికి ఏ కేంద్రమో తెలిపే జాబితాను ప్రకటించాలి.

ఆ ఆమోదానికి ముందు జరిగే పనిలోనే మనకు సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. ఓటర్ల నమోదు అధికారి తన సిబ్బందితో ప్రతి భవనాన్నీ చూసి రావాలి. ఆ తరువాత ముసాయిదా జాబితా తయారవుతుంది. దానిని కార్యాలయాలలో ప్రదర్శించి, ప్రజల నుండి అభ్యంతరాలను, సూచనలను కోరుతారు. ఎం.పి.లకు, ఎమ్మెల్యేలకు, గుర్తింపు పొందిన పార్టీలకు ప్రతులు పంపి, వారితో సమావేశం జరుపుతారు. వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి, సవరించిన జాబితాను రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి ద్వారా ఎన్నికల సంఘానికి పంపుతారు. పార్టీల వారు ఆ సమావేశానికి తప్పక వెళ్తారు. వారు తమ ఓట్ల లెక్క చూసుకుంటారే గాని, మన అత్తగారి మోకాళ్ళ నొప్పి లెక్క చూడరు. అది చూడవలసినది మనమే. కాని ఆ నోటీసు చదివే సామాన్యుడు ఎంతకూ కనబడడు.

భవనాన్ని ఎంపిక చేయడానికి ఎన్నికల సంఘం నియమాలు ఏర్పరచింది. ఇవి తెలిసి ఉంటే అర్జీ రాయడం సులువు. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవవలసిన అవసరం రాకూడదు. నది, గుట్ట వంటి అడ్డంకులు దాటవలసి రాకూడదు. వీలైనంత వరకు ప్రభుత్వ పాఠశాల వంటి ప్రభుత్వ భవనమే కావాలి, అదీ నేలమట్టపు అంతస్తులో ఉండాలి. చక్రాల కుర్చీ పోవడానికి వాలుదారి, త్రాగునీరు, వెలుతురు, మరుగుదొడ్డి ఉండాలి. పోలీసు స్టేషన్లలో, ఆసుపత్రులలో కేంద్రం పెట్టరాదు. కేంద్రానికి 200 మీటర్ల లోపు రాజకీయ పార్టీ కార్యాలయం ఉండరాదు. ఒక కుటుంబంలోని వారందరికీ ఒకే కేంద్రం ఉండేటట్లు చూడాలి. బలహీన వర్గాల వారు నివసించే వాడలలో ఓటర్ల సంఖ్య తక్కువైనా, అక్కడే కేంద్రం ఏర్పాటు చేయవచ్చును.

"మా మస్జిదు పక్కనే విశాలమైన హాలు ఉన్నది కదా, దానిని ఎందుకు తీసుకోరు?" అని కొందరు నన్ను అడిగారు. ఆరాధనా స్థలాలలోను, మతపరమైన ప్రాధాన్యం ఉన్న చోట్లలోను పోలింగు కేంద్రం పెట్టరాదన్నది నియమం. మందిరానికైనా మస్జిదుకైనా చర్చికైనా ఇది ఒకటే. మంచి నియమమే. ఓటు వేయడానికి వచ్చిన ఇతర మతస్థుడు సంకోచపడకూడదు, మన ప్రార్థనాస్థలం పార్టీల జెండాల నడుమ నలగకూడదు.

ఇక కేంద్రాలు ఎందుకు మారుతాయి? భవనం శిథిలమవుతుంది, రోడ్డు విస్తరణలో పోతుంది, బడి మూతపడుతుంది, కొత్త కాలనీలు వెలుస్తాయి. వీటికంటే పెద్ద కారణం ఓటర్ల సంఖ్య. ఒక కేంద్రంలో గరిష్ఠంగా 1,500 మంది ఓటర్లు ఉండవచ్చునన్న నియమాన్ని ఎన్నికల సంఘం 2025లో 1,200కు తగ్గించింది. బారులు తగ్గాలన్నది దీని ఉద్దేశం. ఈ మార్పు మొదట పెద్ద ఎత్తున కనబడింది బీహారులో. అక్కడ 2025లో ఓటర్ల జాబితాను ప్రత్యేకంగా సవరించినప్పుడు 12,817 కొత్త కేంద్రాలు ఏర్పడి, మొత్తం 77,895 నుండి 90,712కు పెరిగింది. ఒక కేంద్రాన్ని రెండుగా విభజిస్తే ఆ రెండవది ఎక్కడ పెడతారన్నది ప్రశ్న. అదే బడిలో మరొక గది దొరికితే చిక్కు లేదు. దొరకకపోతే సగం వీధి వేరొక భవనానికి పోవాలి. 1,200 పరిమితి మన రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. కాబట్టి ఇంతకాలం ఒకే బడికి వెళ్ళిన ఎన్నో కుటుంబాలకు కేంద్రం మారే అవకాశం ఉన్నది.

నేను బోధించే మద్రసా ఉన్న పేటలో ఒకప్పుడు ఇటువంటిదే జరిగింది. అక్కడి ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాల పైకప్పు పెచ్చులూడుతున్నదని కేంద్రాన్ని జాతీయ రహదారి అవతలి భవనానికి మార్చారు. కారణం సమంజసమే, ఓటర్ల తలపై పెచ్చులు పడకూడదు కదా. ముసాయిదా జాబితాను నోటీసు బోర్డుకు అంటించారు కూడా. దానిని చదివినవారు మా పేటలో ఒక్కరూ లేరు. పోలింగు రోజున రహదారి దాటలేక వృద్ధులు, గర్భిణులు వెనుదిరిగారు. కార్యాలయానికి ఫోను చేసిన యువకులకు "ఇప్పుడు మా చేతుల్లో ఏమీ లేదు" అన్న జవాబు వచ్చింది. ఆ మాట అబద్ధం కాదు. తుది జాబితా ఆమోదం పొందిన తరువాత, భవనం కూలిపోవడం వంటి తప్పనిసరి పరిస్థితిలోనే మార్పు చేస్తారు. అందుకూ ఎన్నికల సంఘం అనుమతి కావాలి, అభ్యర్థులకు లిఖితపూర్వకంగా తెలపాలి, ప్రజలలో ప్రచారం చేయాలి.

మరుసటి సవరణ సమయానికి పేట పెద్దలు నలుగురు కలిసి ప్రధానోపాధ్యాయుని వద్ద పైకప్పు మరమ్మతు పూర్తయినట్లు లేఖ తీసుకుని అర్జీ ఇచ్చారు. అధికారి వచ్చి చూసి, గది బాగానే ఉన్నది గాని వాలుదారి లేదన్నారు. మేస్త్రీ పని చేసే మా పూర్వ విద్యార్థి ఒకడు, ప్రధానోపాధ్యాయుని అనుమతితో, రెండు రోజులలో దానిని కట్టి ఇచ్చాడు. ఆ తరువాతి ఎన్నికలలో మా పేటవారు మళ్ళీ ఆ బడిలోనే ఓటు వేశారు. ధర్నా లేదు, నినాదం లేదు. తెల్లకాగితంపై రాసిన అర్జీ, దానికి జతచేసిన లేఖ, ఒక గంప సిమెంటు. అంతే.

సమయం మించిన తరువాత న్యాయస్థానాలు సైతం ఏమీ చేయలేకపోతాయి. దీనికి అమెరికాలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. కాన్సస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీ పట్టణంలో సుమారు 13,000 మంది ఓటర్లకు ఒకే ఒక్క పోలింగు కేంద్రం ఉండేది. పట్టణ జనాభాలో సగానికి పైగా లాటిన్ అమెరికా మూలాల వారు, ఎక్కువమంది మాంసం కర్మాగారాలలో కూలీలు. 2018 నవంబరు ఎన్నికలకు ముందు, నిర్మాణ పనులు ఉన్నాయన్న కారణంతో అధికారులు ఆ ఒక్క కేంద్రాన్నీ పట్టణ పొలిమేర అవతలికి మార్చారు. దగ్గరి బస్సు స్టాపు నుండి అది ఒక మైలుకు పైగా దూరం. కొత్తగా నమోదైన కొందరు ఓటర్లకు వెళ్ళిన నోటీసులలో పాత చిరునామాయే ఉన్నది. పౌరహక్కుల సంస్థ కోర్టుకు వెళ్ళింది. పోలింగుకు కొద్ది రోజులే ఉన్నందున ఇప్పుడు మారిస్తే మరింత గందరగోళం అవుతుందని న్యాయమూర్తి నిరాకరించారు. ఎన్నికలు ముగిసిన తరువాత, 2019లో, పట్టణంలో రెండు కేంద్రాలు ఏర్పాటు చేస్తామని అధికారులు ప్రకటించారు. చేయగలిగిన పనే, కాని ఆ నవంబరుకు అది అందలేదు.

దూరం పెరిగితే ముందుగా ఆగిపోయేది స్త్రీల అడుగు. మన దేశపు మొదటి సాధారణ ఎన్నికలనాటికే పెద్దలు ఈ సంగతి గ్రహించారు. 1951-52లో ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ హయాంలో మహిళలకు వేల సంఖ్యలో ప్రత్యేక బూతులు ఏర్పాటు చేశారు. అప్పట్లో ఉత్తరాది రాష్ట్రాలలో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పడానికి వెనుకాడి, ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని మాత్రమే రాయించారు. అటువంటి సుమారు 28 లక్షల మంది పేర్లను జాబితా నుండి తొలగించవలసి వచ్చింది. నేడు మన ఆడపడుచులు తమ పేరుతోనే జాబితాలో ఉన్నారు. ఇక కావలసినది వారు చేరుకోగలిగిన చోటు.

పర్దా పాటించే సోదరీమణులకు ఒక మాట. స్త్రీ పురుషులను వేర్వేరు వరుసలలో, విడతలుగా లోపలికి పంపడానికి 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో వీలు ఉన్నది. మహిళా ఓటర్లకు సహాయంగా ఒక స్త్రీని నియమించే వీలూ ఉన్నది. పర్దా పాటించేవారు ఎక్కువగా ఉన్న కేంద్రంలో మహిళా సిబ్బంది చేత, మరుగు ఉన్న చోట గుర్తింపు పరిశీలన జరిపించాలని ఎన్నికల సంఘం సూచనలు చెబుతున్నాయి. ముఖం చూపించి గుర్తింపు నిరూపించుకోవడం తప్పదు, అది మహిళా అధికారి ఎదుట జరిగితే సంకోచం ఉండదు. మీ కేంద్రానికి మహిళా సిబ్బంది కావాలని అర్జీలోనే ముందుగా అడగండి.

కేంద్రం దూరమైతే ఇంకొక చిక్కు వస్తుంది. ఉదయాన్నే ఏదో ఒక అభ్యర్థి తరఫు ఆటో వీధి మొదట నిలబడి "రండి అమ్మీ, దింపి వస్తాం" అంటుంది. సహాయమే కదా అని మనవారు ఎక్కుతారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం, అభ్యర్థి గాని అతని ఏజెంటు గాని ఓటర్లను ఉచితంగా చేరవేయడానికి వాహనం ఏర్పాటు చేయడం అవినీతికర చర్య. సొంత డబ్బుతో బస్సులో గాని, బాడుగ ఆటోలో గాని వెళ్ళడానికి అడ్డు లేదు. ఆటోకు ఇచ్చే ముప్పై నలభై రూపాయలు పేదింటికి భారమే. ఆ భారం తప్పించే దారి కేంద్రాన్ని దగ్గరకు రప్పించుకోవడమే. గేటెడ్ కాలనీల వారు, బహుళ అంతస్తుల భవనాల వారు ఈ విషయంలో మనకంటే చురుకుగా ఉన్నారు. 2024 హర్యానా శాసనసభ ఎన్నికలలో గురుగ్రామ్, ఫరీదాబాద్ వంటి నగరాలలో అటువంటి భవన సముదాయాలలోనే కేంద్రాలు ఏర్పాటయ్యాయి. లిఫ్టు ఉన్నవారి గడపకే కేంద్రం రాగలిగినప్పుడు, మన బస్తీలోని బడికి ఎందుకు రాకూడదు?

మంచం పట్టిన పెద్దల సంగతి వేరు. 85 ఏళ్ళు నిండినవారు, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారు శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో ఇంటివద్దనే ఓటు వేయవచ్చును. అందుకు 12-డి ఫారం నింపి, ఎన్నికల నోటిఫికేషను వెలువడిన ఐదు రోజులలోపు అందజేయాలి. ఆ గడువు దాటితే కేంద్రానికి రావడం తప్ప వేరే మార్గం లేదు.

ఇప్పుడు చేయవలసిన పని. ముందుగా 1950 నంబరుకు ఫోను చేసి గాని, ఎన్నికల సంఘం యాప్‌లో చూసి గాని ఇంట్లో ప్రతి ఒక్కరి భాగం సంఖ్య, వరుస సంఖ్య, కేంద్రం పేరు రాసి పెట్టుకోండి. ఇల్లు మారినవారు 8వ ఫారం ఇవ్వనిదే పేరు కొత్త కేంద్రానికి రాదు. బి.ఎల్.ఓ. అని పిలిచే బూతు స్థాయి అధికారి ఎవరో తెలుసుకోండి. సాధారణంగా ఆయన మీ పేటలోని ఉపాధ్యాయుడో, అంగన్‌వాడీ కార్యకర్తో అయి ఉంటారు. ముసాయిదా జాబితా ఎప్పుడు వెలువడుతుందో వారినే అడగండి. పంచాయతీ, పురపాలక ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం వేరుగా నిర్వహిస్తుంది. వాటి కేంద్రాలు వార్డులవారీగా ఉంటాయి గనుక, శాసనసభకు ఓటు వేసిన చోటే వాటికీ ఉంటుందని అనుకోవద్దు.

అర్జీ రాసేటప్పుడు కోపతాపాలు అక్కరలేదు. నియోజకవర్గం పేరు, భాగం సంఖ్య, ఇప్పటి కేంద్రం, దానికి మీ వీధి నుండి ఎంత దూరం, మధ్యలో రహదారి, రైలు పట్టాలు, వాగు ఏమైనా ఉన్నాయా అన్నది రాయండి. మీరు సూచించే భవనం పేరు, అక్కడ నేలమట్టపు గది, నీరు, మరుగుదొడ్డి, వాలుదారి ఉన్నాయా లేవా అన్నది నిజాయితీగా రాయండి. ప్రభుత్వ భవనం కాకపోతే యజమాని లిఖితపూర్వక అంగీకారం జతచేయండి. వీధిలోని హిందూ, క్రైస్తవ సోదరుల సంతకాలు కూడా తీసుకోండి. కేంద్రం వారిది కూడా, ఆ రహదారి వారూ దాటవలసినదే. అర్జీని ఓటర్ల నమోదు అధికారి కార్యాలయంలో ఇచ్చి, రెండవ ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకుని, ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు దాచిపెట్టండి.