బోర్డులు మారతాయి... బేసిక్స్ మారవు!

కంప్యూటర్ కోర్సు పూర్తయింది. ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే... 'సాఫ్ట్‌వేర్‌లో చేరినట్టేనా?' ఆ ఒక్క దారే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. ఏ దారి ఎవరికి నప్పుతుందో తెలుసుకోవడమే అసలు పరీక్ష.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే చాలు, కంప్యూటర్ చదువుల జాతకం ఫ్లెక్సీల మీదే కనిపిస్తుంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 ప్రాంతంలో ఎవరి నోట విన్నా కోబాల్, మెయిన్‌ఫ్రేమే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాయడంతో 2000 వచ్చేసరికి లెక్కలన్నీ తప్పుతాయని అమెరికా హడలిపోయింది. వాటిని సరిదిద్దడానికి మనవాళ్లు విమానాలెక్కారు. గండం గడిచింది. ఆ వెంటనే డాట్‌కామ్ బుడగ పేలింది. వెళ్లినవాళ్లలో కొందరు పెట్టెలు సర్దుకుని తిరిగొచ్చారు.

తర్వాత జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్... ఆపైన హడూప్, క్లౌడ్, డేటా సైన్స్. ఇప్పుడు జెనరేటివ్ ఏఐ. బోర్డు మారినప్పుడల్లా అప్పు చేసి ఫీజు కట్టేది మాత్రం తల్లిదండ్రులే!

నిలబడేవి ఇవే

ఎడ్గర్ కాడ్ రిలేషనల్ డేటాబేస్ ఆలోచనను ప్రకటించింది 1970లో. యునిక్స్ పుట్టింది 1969లో. సి లాంగ్వేజీది కూడా దాదాపు అదే వయసు. వీటి మీద కట్టిన వ్యవస్థలే నేటికీ బ్యాంకుల్లో, ఫోన్లలో, సర్వర్లలో నడుస్తున్నాయి. అందుకే డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్... ఈ నాలుగూ గట్టిగా చదివినవాళ్లు కొత్త టూల్‌ని ఇట్టే పట్టేస్తారు. 'పరీక్షకి ముందురోజు గైడు చదివితే చాల్లే' అనుకున్నవాళ్లకి ఇంటర్వ్యూలో చెమటలు పడతాయి.

ఎవరికి ఏది?

ప్రోగ్రాములు రాయడం ఇష్టమైతే డెవలపర్. తప్పులు పట్టడంలో దిట్టయితే టెస్టింగ్. లెక్కలు, స్టాటిస్టిక్స్ అంటే మక్కువైతే డేటా సైన్స్. తాళం ఎలా పగులుతుందో ఆలోచించే బుర్రయితే సైబర్ సెక్యూరిటీ. యంత్రాలంటే ఆసక్తి ఉంటే ఎంబెడెడ్ సిస్టమ్స్. ఇక సర్వర్లు, నెట్‌వర్కులు చూసుకునే అడ్మినిస్ట్రేటర్లు లేనిదే ఏ ఆఫీసూ నడవదు.

సర్కారీ కొలువు కావాలా? బీటెక్ మూడో ఏడాది నుంచే గేట్ రాయొచ్చు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీల్లో ఎంటెక్‌తోపాటు కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల్లో ఉద్యోగాలకీ అదే తలుపు తీస్తుంది. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐలకు విడిగా ఓ పేపరు కూడా వచ్చింది. ఇస్రో కంప్యూటర్ సైన్స్ ఇంజినీర్లను తీసుకుంటుంది. ప్రభుత్వ బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టులకి ఐబీపీఎస్ పరీక్ష ఉంది.

పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిగ్రీ వాళ్లకి ఐసెట్ ద్వారా ఎంసీఏ ఉంది. ఒకప్పుడు మూడేళ్లు పట్టే ఈ కోర్సు 2020 నుంచి రెండేళ్లయింది. సీ-డ్యాక్ పీజీ డిప్లొమాలకు సీ-క్యాట్ రాయాలి.

దొడ్డిదారి వద్దు

ఉద్యోగం ఆలస్యమయ్యేసరికి 'రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం' అంటూ వచ్చే దళారులకు లోటుండదు. దొంగ సర్టిఫికెట్‌తో చేరినా పీఎఫ్ ఖాతా, పాత జీతం స్లిప్పులు కంపెనీ తనిఖీ చేసిన రోజున ఉద్యోగం ఊడుతుంది. ఆ మచ్చ తర్వాతి ఇంటర్వ్యూ దాకా వెంటాడుతుంది. దానికి పోసే డబ్బుతో ఒక మంచి కంప్యూటర్ కొనుక్కుని, సొంతంగా ఓ చిన్న ప్రాజెక్టు చేసి చూపించడం మేలు.

చిన్నాచితకా ప్రోగ్రాములు ఏఐ కూడా రాసేస్తున్న రోజులివి. అది రాసింది ఒప్పో తప్పో చెప్పగలిగినవాళ్లకే విలువ. అలా చెప్పాలంటే ఆ నాలుగు సబ్జెక్టులూ రావాల్సిందే.

మైత్రీవనం దగ్గర బోర్డు రేపు మళ్లీ మారుతుంది. మారనివ్వండి. పునాది గట్టిగా ఉన్నవాడికి అది మరో కొత్త పాఠం, అంతే!