కొబ్బరి నీళ్ళ మీద మీగడ

పాల మీద మీగడ కట్టటం మీరంతా చూశారు. కాని కొబ్బరి నీళ్ళ మీద మీగడ కట్టటం ఎన్నడైనా చూశారా? ఫిలిప్పీన్ దీవులలో ఇది మామూలుగా జరిగే పని. ఆ మీగడను అక్కడ "నాటా" అంటారు. ఇది స్పానిష్ మాట. దాని అర్థం కూడా మీగడే! అయితే ఈ మీగడ మనకిచ్చేది ఆవూ కాదు, గేదే కాదు. కంటికి కనిపించని బాక్టీరియా.

ఫిలిప్పీన్ దీవులలో కొబ్బరి తోటలు విస్తారం. అక్కడి కర్మాగారాలలో కొబ్బరిని కోరి, ఎండబెట్టి, విదేశాలకు పంపుతారు. బిస్కట్లలోనూ, మిఠాయిలలోనూ వేసే ఎండు కోరు అదే. ఈ పనికి కొబ్బరి మాత్రమే కావాలి, కాయలోని నీళ్ళు అక్కర్లేదు. ఒక్క కాయ నీళ్ళు పారబోస్తే ఏమీ కాదు. కాని వేలకొద్దీ కాయలు కొట్టే చోట ఆ నీళ్ళు కాలవ కట్టి పారతాయి. వాటిలో నూటికి రెండు మూడు పాళ్ళు చక్కెర ఉంటుంది. ఆ నీళ్ళు ఏటిలో కలిస్తే, చక్కెర కోసం సూక్ష్మజీవులు పుట్టలు పుట్టలుగా పెరిగి, నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. అప్పుడు చేపలు ఊపిరాడక చచ్చిపోతాయి.

1949లో తియోడులా ఆఫ్రికా అనే ఫిలిప్పీన్ రసాయన శాస్త్రవేత్త దీనికొక మార్గం చూపింది. అంతకు పూర్వమే ఆ దేశంలో అనాస పండ్లతో నాటా చేసేవారు. కాని అనాస ఏడాది పొడుగునా దొరకదు, కొబ్బరి దొరుకుతుంది. అందుచేత ఆమె అనాసకు బదులు కొబ్బరి నీళ్ళు వాడింది.

నాటా చెయ్యటం పాలు తోడు పెట్టటం లాంటిదే. కొబ్బరి నీళ్ళను వడకట్టి, కొంచెం చక్కెర కలిపి కాస్తారు. చల్లారాక, పులుపు కోసం వినిగర్‌లో ఉండే ఆమ్లం కలుపుతారు. ఆ పులుపులో చాలా రకాల ఇతర సూక్ష్మజీవులు బతకలేవు. తరవాత, అంతకు ముందు చేసిన నాటా నీళ్ళు కాసిని "తోడు" వేసి, వెడల్పాటి పళ్ళేలలో పోసి, పైన కాగితం కప్పి, కదపకుండా ఉంచుతారు.

తోడులో ఉన్న బాక్టీరియా వినిగర్ చేసే బాక్టీరియాకు దగ్గరి చుట్టాలు. ఇవి చక్కెరను తిని, సన్నని పోగులు వడుకుతాయి. ఒక్కొక్క పోగు మన తల వెంట్రుకలో సుమారు వెయ్యో వంతు సన్నం. వీటికి గాలి కావాలి గనక నీటి పైభాగానే పని చేస్తాయి. పోగులు అల్లుకుని, పది పన్నెండు రోజులలో సుమారు వేలెడు మందాన తెల్లని పొర తేలుతుంది. మధ్యలో పళ్ళెం కదిలితే పొర విడిపోతుంది. రంగురంగుల బూజు పడితే అంతా పారెయ్యవలిసిందే.

ఈ పొర ఏమిటనుకున్నారు? సెల్యులోజు! పత్తిలో ఉన్నది కూడా అదే. ఈ సంగతిని 1886లోనే బ్రౌన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త వెల్లడించాడు. పత్తి చెట్టు మాసాల తరబడి చేసే పనిని ఈ బాక్టీరియా రోజులలో చేస్తాయన్న మాట.

పొరను ముక్కలు కోసి, పులుపు పోయేదాకా నీళ్ళు మార్చి నానబెట్టి, ఉడికించి, చక్కెర పాకంలో వేస్తారు. పిల్లలు లొట్టలు వేసుకుంటూ తింటారు. 1990 తరవాత జపానులో దీనికి మంచి గిరాకీ వచ్చింది. బాక్టీరియా అల్లే ఈ సెల్యులోజును కాలిన పుండ్ల మీద కప్పటానికి కూడా వాడతారు. 1989లో సోనీ కంపెనీ చెవికి పెట్టుకునే ఫోనులలో ధ్వని పలికించే పొరను ఈ రకం సెల్యులోజుతోనే చేసింది. మన కేరళలో కొబ్బరి నీళ్ళ మీద ఇటువంటి పొరనే పెంచి, తోలుకు బదులు సంచులు కుట్టటానికి పనికివచ్చే వస్తువు చేస్తున్నారు.

అయితే ఒక్క మాట మరవకూడదు. నాటా కడిగిన నీళ్ళు కూడా పుల్లగానే ఉంటాయి. వాటిని శుద్ధి చెయ్యకుండా ఏటిలోకి వదిలితే కథ మళ్ళీ మొదటికే వస్తుంది. బాక్టీరియా తమ వంతు పని చేసిపెడతాయి. మిగిలిన పని మనిషి చెయ్యాలి.

ఈసారి మీ ఇంట్లో కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్ళు పారబొయ్యకండి. మీకు బాక్టీరియా సాయం కూడా అక్కర్లేదు, హాయిగా తాగెయ్యండి!