విశ్వవిద్యాలయాల్లో లింగ సమానత్వం: ప్రవేశాల లెక్కతో తీరని ప్రశ్న

దేశంలోని ఉన్నత విద్యాసంస్థల్లో మహిళల సంఖ్య దాదాపు పురుషుల సంఖ్యకు చేరువైంది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం మొత్తం 4.33 కోట్ల విద్యార్థుల్లో 2.07 కోట్ల మంది మహిళలే. స్థూల నమోదు నిష్పత్తిలో 28.5 శాతంతో వారు పురుషులను (28.3 శాతం) స్వల్పంగా మించారు కూడా. అయితే తరగతి గదిలో చోటు దక్కినంత మాత్రాన సమానత్వం సిద్ధించినట్లేనా? విశ్వవిద్యాలయంలో ఒక్కొక్కరి స్థానాన్ని బట్టి ఈ ప్రశ్నకు జవాబు మారుతుంది.

వసతిగృహంలో ఉండే విద్యార్థినికి సమానత్వమంటే ముందుగా సమయం. గ్రంథాలయం రాత్రి పొద్దుపోయేవరకు తెరిచే ఉన్నా, వసతిగృహం తలుపులు ముందే మూసుకుంటే ఆ సౌకర్యం ఆమెకు సగమే అందుతుంది. కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు 2022లో రాత్రి 9.30 గంటల నిబంధనపై కేరళ హైకోర్టును ఆశ్రయించారు. ఆంక్షలు ఆడపిల్లలకు మాత్రమే ఎందుకని న్యాయస్థానం ప్రశ్నించింది. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం యువతీ యువకులిద్దరికీ ఒకే నిబంధన వర్తింపజేసింది.

పరిశోధక విద్యార్థిని విషయంలో మాతృత్వం, పరిశోధన ఒకే వయసులో ఎదురుపడతాయి. అందుకే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనలు పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవును, గడువులో రెండేళ్ల అదనపు వెసులుబాటును కల్పించాయి.

పట్టా భవిష్యత్తు పర్యవేక్షకుని చేతిలో ఉన్నప్పుడు వేధింపులపై ఫిర్యాదు చేయడం సులభం కాదు. ఈ అసమానతను దృష్టిలో ఉంచుకుంటే, అంతర్గత ఫిర్యాదుల కమిటీపై 2015 యూజీసీ నిబంధనల ఉద్దేశం స్పష్టమవుతుంది. కమిటీకి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. ఉపకులపతి, రిజిస్ట్రార్, డీన్ల వంటి ఉన్నతాధికారులకు అందులో చోటు లేదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు దరఖాస్తు పత్రంలోని గడి, మరుగుదొడ్డి, వసతి గది కూడా సమానత్వానికి కొలమానాలే. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో లైంగిక అల్పసంఖ్యాక విద్యార్థుల కోసం వసతిగృహంలో ఒక అంతస్తును కేటాయించింది.

నిబంధనలు ఉన్నా, వాటి సంగతి తెలియనివారికి అవి అక్కరకు రావు. ఫిర్యాదుల కమిటీ సభ్యుల వివరాలను ప్రాంగణంలో అందరికీ తెలియజేయాలని అవే నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. కొత్తగా చేరిన విద్యార్థిని ఆ వివరాలను ఎంత సులభంగా తెలుసుకోగలదన్నది ప్రతి విద్యాసంస్థా తనకు తాను వేసుకోవలసిన తొలి ప్రశ్న.